తలుపు మొదట నిలుపు: ఒక షెడ్డు పద్యానికి టీకా తాత్పర్యం

తలుపు మొదట నిలుపు దానికై మడ్గార్డు
వాని చూసి పిదప వాల్చు మూత
బోల్టు వేలి బిగువు పోనీకు ముందుగా
పాత బండి కూర్చు బాట సామి

అవతారిక: హిందూపురం టింకరింగ్ షెడ్డు గోడ మీద బొగ్గుతో రాసిన ఆటవెలది. కర్త ఎవరో తేలదు. గ్రీజు మరక సరిగ్గా పేరున్న చోటే పడింది. జీపు పికప్ గురించినది గనుక, మహీంద్రా వారు విల్లీస్ జీపులు కూర్చడం మొదలుపెట్టిన 1947కు ముందుది కాజాలదు. విప్పి, తుప్పు గీకి, అతుకులు వేసిన బండికి యజమాని ఆత్రంగా బానెట్టు ఎక్కించబోగా, మేస్త్రీ వారిస్తూ చెప్పినది.

ప్రతిపదార్థం: సామి = ఓ యజమానీ (పనిపిల్లవాడినైతే "రేయ్" అనేవాడు); తలుపు = క్యాబిన్ డోరును; మొదట = మిగతా రేకులు ముట్టకముందే; నిలుపు = నాలుగు పక్కలా గ్యాపు సమంగా వచ్చేట్టు నిలబెట్టు; దానికై = ఆ తలుపు ముందంచును బట్టి; మడ్గార్డు = మడ్గార్డును (నిలుపు అని అన్వయం); వాని చూసి = ఆ రెంటి తీరు చూసుకుని; పిదప = తర్వాతనే; మూత = బానెట్టును; వాల్చు = దించు; బోల్టు వేలి బిగువు = స్పానరు తగలకుండా వేళ్లతో తిప్పినంత బిగువును; ముందుగా = అన్నీ కుదరకముందే; పోనీకు = దాటనీయకు; పాత బండి కూర్చు బాట = పాత బండిని కూర్చే దారి (ఇదే అని శేషం).

తాత్పర్యం: స్పష్టమే. పాటించేవారే అరుదు.

విశేషాలు: తలుపుకే అగ్రతాంబూలం ఎందుకు? తలుపు కూర్చునే చట్రం వెల్డింగుతో బిగిసిపోయినది, జరగదు. మడ్గార్డు బోల్టు రంధ్రాలు కాస్త వెడల్పు, అది జరుగుతుంది. జరగనిదాన్ని చూసి జరిగేదాన్ని సర్దాలి గానీ, మడ్గార్డు ముందు బిగించి తలుపును సుత్తితో ఒప్పించడం కవికి సమ్మతం కాదు.

"నిలుపు" అనే క్రియలో చాలా ఉంది. ఎంత సర్దినా గ్యాపు కుదరకపోతే దోషం తలుపుది కాదు, కిందిది. ఛాసిస్‌కూ క్యాబిన్‌కూ మధ్య రబ్బర్లు ఏళ్లకొద్దీ నలిగి ఒక మూల దిగిపోతుంది, దాంతో చట్రమే మెలికపడుతుంది. కీలు వంచేవాడు మూర్ఖుడు. రబ్బరు మార్చి, అప్పటికీ చాలకపోతే వాషరంత ప్యాకింగ్ వేసేవాడు మేస్త్రీ. బండి సమమైన నేల మీద తన చక్రాల మీదే నిలవాలి. ఒక మూల జాకీ ఎత్తి చూసిన గ్యాపు, జాకీ దించగానే మారుతుంది. అద్దం, రబ్బరు బీడింగు పెట్టకుండా కుదిర్చిన తలుపు, అవి పెట్టాక బరువుకు వేలాడుతుంది. ఇవన్నీ పెయింటుకు ముందే అని వేరే చెప్పాలా?

"వేలి బిగువు" ఈ పద్యానికి ప్రాణం. ఒక్క బోల్టు ముందే బిగిస్తే రేకు అటు లాగుతుంది. చివరి రంధ్రం దగ్గరికి వచ్చేసరికి కింది రంధ్రం అర్ధచంద్రంలా కనిపిస్తుంది. అప్పుడు డ్రిల్లు పట్టుకొస్తారు. ఆ పాపానికి ప్రాయశ్చిత్తం లేదు.

పూర్వపక్షం: "లేపాక్షి గుడిలో డెబ్భై స్తంభాల్లో ఒకటి నేలకు పూర్తిగా ఆనకుండా, గుడ్డ దూరేంత సందుతో అచ్యుతదేవరాయల కాలం నుంచి నిలిచే ఉంది. నా డోరు కింద సందుంటే ఏం?" అని బద్ధకస్తుల వాదం. ఆ స్తంభాన్ని రోజుకు ఇరవైసార్లు తీసి వేయరు.

గ్యాపును సరిచూడటంలో మేస్త్రీలవి రెండు పక్షాలు. పెనుకొండ నవ్యులు కొలతవాదులు. ఎర్రమంచిలో కియా కర్మాగారం 2019 డిసెంబరులో, ఏటా 3 లక్షల కార్లు చేసే సామర్థ్యంతో ప్రారంభమైంది. అక్కడ రోబోలు బాడీని ఒకే గుల్లగా వెల్డు చేస్తాయి, సందు మిల్లీమీటరు లెక్కన వస్తుంది. మనకూ గేజు ఉండాలంటారు. కానీ పాత పికప్ తలుపులు చాలావరకు ఊళ్లోని బాడీ షెడ్లలో తట్టినవి; ఎడమది కుడిదానికి సవతి. చుట్టూ 6 మిల్లీమీటర్లుంటే ఎవరూ చూడరు. ఒకచోట 3, మరోచోట 9 ఉంటే దారిన పోయేవాడు కూడా చూస్తాడు.

ధర్మవరం మేస్త్రీలు కొలవరు. మగ్గం ముందు చీర అంచు చూసి చూసి అలవాటైన కళ్లు గనుక, పది అడుగుల వెనక్కి వెళ్లి, వంగి, తలుపు మీది గీత మడ్గార్డు మీద సూటిగా సాగిందా లేదా అన్నదే చూస్తారు. గ్యాపూ గీతా రెండూ దక్కనప్పుడు గీతనే దక్కించుకోవాలన్న వీరి పక్షమే నాకు నచ్చింది.

క్యాబిన్ వెనక సరుకు తొట్టి మాట కవి ఎత్తలేదు. ఎత్తి ఉంటే గణాలు చాలేవి కావు. గుంతల్లో ఛాసిస్ మెలిపడుతుంది, క్యాబిన్ ఒకవైపు తొట్టి ఒకవైపు ఊగుతాయి. ఆ రెంటి మధ్య మాత్రం సందు ధారాళంగా ఉండాలి. అందం కోసం దగ్గరగా జరిపిన బండి, హిందూపురం నుంచి టమాటా బుట్టలతో బయల్దేరి పెనుకొండ చేరేలోపే క్యాబిన్ వెనక పెయింటు గీకేసుకుంటుంది.