లోగోకు చింతపండు

మా అత్తారింట్లో నల్లకోటు లేనిది నాకూ అత్తగారికీ. మామగారు ప్లీడరు, బావగారు ప్లీడరు, మా ఆవిడా ప్లీడరే. చివరికి గుమాస్తాగారికి కూడా నాకంటే సెక్షన్లు ఎక్కువ తెలుసు. నాకొచ్చిందల్లా కంప్యూటర్లో శుభలేఖలు కంపోజ్ చేయడం. ఆ ధీమాతోనే, రాజమండ్రి దానవాయిపేటలో ఇంటి ముందుగదిలో నడిచే ఆ ఆఫీసుకు లోగో చేసిపెడతానన్నాను. అడిగినవాళ్ళెవరూ లేరు. గుమ్మం పక్కన మామగారి పేరుతో జానెడు ఇత్తడి పలక ఉంది. దాన్ని చూసి జాలిపడ్డానంతే.

మొదట సింహాలు వేశాను. మా ఆవిడ కాఫీ గ్లాసు పక్కన పెట్టి, "అది రాజముద్ర. వృత్తికి వాడుకుంటే 2005 చట్టం కింద రెండేళ్ళ దాకా జైలు. క్యారేజీ మోయడం నావల్ల కాదు" అంది.

సింహాలు అడవికి పోయాయి. న్యాయదేవత వచ్చింది, కళ్ళకు గంతలతో, చేతిలో కత్తితో. "2024లో పేపరు చూళ్ళేదా? సుప్రీంకోర్టు జడ్జీల లైబ్రరీలో కొత్త విగ్రహానికి గంతలు లేవు. కత్తి బదులు రాజ్యాంగం ఉంది" అంది. గంతలు చెరిపి కళ్ళు గీశాను. కత్తి లాక్కుని పుస్తకం ఇచ్చాను. అత్తగారు మురిసిపోయారు. "అచ్చం మా అమ్మాయే! బజారు లెక్కలడిగేటప్పుడు ఇలాగే చూస్తుంది."

బావగారికి అక్కడ మండింది. "ఆఫీసు ముగ్గురిదీ, బొమ్మ ఒక్కరిదీనా బావా?"

సరే, బొమ్మ తీసేసి, ఒక త్రాసు, దాని కింద ముగ్గురి పేర్లలో మొదటి అక్షరాలు. మామగారిది ముందు, సందేహం లేదు. తర్వాత? వయసు చూస్తే బావగారు. ఎన్‌రోల్‌మెంట్ చూస్తే మా ఆవిడ. బావగారు కొన్నేళ్ళు రొయ్యల చెరువులు చేసి, అవి చేయాల్సింది చేశాక లా కాలేజీకి వచ్చారు. నేను నిష్పక్షపాతంగా ఆలోచించి మా ఆవిడ అక్షరమే ముందు పెట్టాను. రాత్రి భోజనం ఎవరింట్లోనో తెలిసినవాడి నిష్పక్షపాతం అది. బావగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

అక్షరాల కింద 'కుటుంబ న్యాయవాదులు' అని రాసి, ఆరడుగుల ఫ్లెక్సీకి సరిపడా తీర్చిదిద్దాను. మామగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "బాబూ, ఫలానా కేసుల్లో ఆరితేరామని బోర్డు మీద వేసుకోకూడదు. బార్ కౌన్సిల్ 36వ రూలు. బోర్డు కూడా ఓ మోస్తరుగానే ఉండాలి."

"కుటుంబమంతా ప్లీడర్లని నా ఉద్దేశం మామయ్యగారూ..."

"చదివినవాడు విడాకులిప్పిస్తాం రమ్మంటున్నారనుకుంటాడు."

గుమాస్తాగారు మాత్రం మాటల్లోకి దిగలేదు. లోగోను లెటర్‌హెడ్ సైజుకు తగ్గించి, జిరాక్సు తీసి, ఆ జిరాక్సుకు ఇంకో జిరాక్సు తీశారు. కోర్టు కాగితాల బతుకంతా అంతే కదా. త్రాసు గొలుసులు ఎగిరిపోయి రెండు పళ్ళేలు మిగిలాయి. "ఇడ్లీ ప్లేట్లా అండీ?" అన్నారు భక్తిగా.

మామగారు అందరి వాదనలూ విని, "యథాతథ స్థితి. మళ్ళీ చూద్దాం" అని లేచారు. ఏడాది దాటింది, వాయిదా తేదీ ఇంతవరకూ పడలేదు.

లోగో మీద అంత శ్రద్ధ ఉన్నవాడు ఉన్న పలక శుభ్రం చేయొచ్చు కదా అని మా ఆవిడ అప్పుడే ఉత్తర్వు ఇచ్చింది. అప్పట్నుంచి ఆదివారం ఆదివారం నానబెట్టిన చింతపండుతో ఆ ఇత్తడి పలక తోముతున్నాను. గుమ్మంలో వెలిగిపోతోంది. మొన్న గుమాస్తాగారు దగ్గరికొచ్చి, వేలితో తడిమి చూశారు.

"తోమి తోమి అక్షరాలు అరిగిపోతున్నాయండీ. కొత్తది చేయించాలేమో."

ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పొద్దని ఆయన్ని బతిమాలుకున్నాను. వారం వారం టీ ఖర్చు నాదే.