చెవి అందితే చాలు

మావాడు ఆగస్టు 30న పుట్టాడు. అదేం తప్పు అంటారా? మీరు టెక్సాస్‌లో లేరన్నమాట. ఇక్కడ సెప్టెంబరు 1 నాటికి అయిదేళ్ళు నిండితేనే కిండర్‌గార్టెన్. రెండంటే రెండు రోజుల్లో గట్టెక్కాడు. ఇప్పుడు చేరిస్తే క్లాసంతటికీ వీడే బుడంకాయ. పక్కన కూచునే పిల్ల ఏడాది పెద్దదైనా కావచ్చు.

"ఈ ఏడు ఆపి రెడ్‌షర్ట్ చెయ్యండి" అంది ఎదురింటావిడ. కాలేజీ ఫుట్‌బాల్ మాట అది. కుర్రాణ్ణి ఏడాదిపాటు పోటీల్లో దించకుండా సాధన చేయించి, కండపట్టాక వదుల్తారు. 1937లో నెబ్రాస్కా యూనివర్సిటీలో అలా ఆగినవాడొకడు ఎర్ర చొక్కా తొడుక్కుని సాధన చేశాడనీ, ఆ పేరే నిలిచిపోయిందనీ చెబుతారు. ఇదంతా అమ్మకి ఫోన్లో వివరించాను.

"బడిలో వెయ్యరా అంటే పార్టీలో చేరుస్తానంటావేమిట్రా?" అంది.

మా ఆవిడది లెక్కల పక్షం. ప్రభుత్వ బడిలో కిండర్‌గార్టెన్‌కి ఫీజు లేదు. ఆపితే మరో ఏడాది డేకేర్‌కి కట్టాలి. అది మా ఇంటి లోనుకి కవలపిల్ల.

"ఫిన్లాండ్‌లో ఏడేళ్ళకిగానీ ఒకటో తరగతి లేదు తెలుసా?" అన్నాను.

"అయితే అక్కడే ఉద్యోగం చూసుకోండి."

నా అసలు భయం ఆవిడకి చెప్పలేదు. క్లాసులో బుడంకాయగా ఉండటమంటే ఏమిటో నాకు తెలుసు. నేను పుట్టింది దసరా వెళ్ళిన మూడో రోజున. సర్టిఫికెట్‌లో మాత్రం జూన్ 1. ఆమాటకొస్తే మా క్లాసులో సగంమంది పుట్టింది జూన్ 1నే. ఆ రోజు మా ఊరి మంత్రసాని ఎలా నెగ్గుకొచ్చిందో! తమ్ముడు పుట్టాక ఇంట్లో ఇద్దరితో వేగలేక, నాన్న నన్ను బడికి ఈడ్చుకెళ్ళారు. కుడిచెయ్యి తలమీంచి పోనిచ్చి ఎడమ చెవి పట్టుకోమన్నారు హెడ్మాస్టరు. పట్టుకున్నాను. నాలుగు నెలలు పెద్దవాణ్ణైపోయాను. ఆ పుణ్యాన ఏడో తరగతి దాకా ముందు బెంచీ నాదే, కబడ్డీలో ఎవరికీ అక్కర్లేక మిగిలేదీ నేనే. వార్షికోత్సవంలో ఏటేటా బాలకృష్ణుణ్ణి. ఆఖరి ఏడు నన్ను ఒళ్ళో కూచోబెట్టుకున్న యశోదకి నూనూగు మీసాలు.

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో నాన్న విసుక్కున్నారు. "నెల్లాళ్ళనుంచి ఏమిట్రా ఈ చర్చ? చెవి అందుతుందేమో చూడు!"

మావాణ్ణి కెమెరా ముందు నిలబెట్టాను. చెయ్యి తలమీంచి వెళ్ళింది, చెవికి అంగుళం దూరంలో ఆగింది. వాడు ఓ క్షణం ఆలోచించి తలనే చేతివైపు వంచేశాడు. చెవి దొరికింది.

"భేష్! అచ్చం నీలాగే" అన్నారు నాన్న.

"నాలాగేమిటి?"

"నువ్వూ తల వంచే పట్టుకున్నావురా. మాస్టారు చూసీ చూడనట్టు ఊరుకున్నారు."

నలభై ఏళ్ళొచ్చాక తెలిసింది, నా మొట్టమొదటి పరీక్ష కాపీ కొట్టి పాసయ్యానని.

దరఖాస్తు ఇంకా కంప్యూటర్లో తెరిచే ఉంది. పుట్టిన తేదీ గడి తల వంచే రకం కాదు. మావాడు మాత్రం రోజూ పళ్ళు తోముకుంటూ అద్దం ముందు తల నిటారుగా పెట్టి సాధన చేస్తున్నాడు. నిన్నటికి ఇంకో అర అంగుళం తక్కువ.