ఆట రాకముందే జట్టులో చేరండి

పుదుచ్చేరిలో ఉద్యోగం వల్లో పెళ్లి వల్లో స్థిరపడిన తెలుగు ఆడవాళ్లు టెన్నిస్ ఆడతామంటే పెద్దలు ఇచ్చే సలహా ఒకటే: ముందు ఆట నేర్చుకో, జట్టు సంగతి తర్వాత చూద్దాం. ఆ మాట వినకండి. సర్వీసు నెట్టు దాటకపోయినా సరే, ఈ సీజనుకే క్లబ్బు మహిళల జట్టులో పేరు రాయించుకోండి. బాగా వచ్చాక చేరదామనుకుంటే పిల్లల పరీక్షలు, అత్తగారి ఆపరేషను, బదిలీలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. జట్టులో పేరుంటే పొద్దున్నే ఇంకో ముగ్గురు మీకోసం కోర్టులో ఎదురుచూస్తుంటారు. ఒంటరిగా నేర్చుకునేదాన్ని మానేయడం తేలిక. ముగ్గురిని నిలబెట్టి మానేయడం కష్టం.

చేరడానికి జనవరి మంచిదంటారు. ఎండ మెత్తగా ఉంటుంది, కోర్టు పొడిగా ఉంటుంది, నిజమే. మీరు మాత్రం అక్టోబరులో వెళ్లండి. ఈశాన్య రుతుపవనాలు ఈ తీరానికి ఏడాది వానలో పెద్ద వాటా తెచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు లోపే. అప్పుడు ఆడేవాళ్లు పలచబడతారు, నాలుగో మనిషి దొరకదు. కొత్తవాళ్లకు చోటు దొరికేది అప్పుడే. జనవరికల్లా జోడీలు కుదిరిపోతాయి. వాన వెలిశాక కోర్టులో నిలిచిన నీళ్లు తోయడానికి ముందుకొచ్చిన మనిషిని ఏ కెప్టెనూ మరిచిపోదు.

మీ స్థాయివాళ్లతో మొదలుపెట్టండి అన్నది రెండో సలహా. దాన్నీ పక్కన పెట్టి, జట్టులో అందరికన్నా బాగా ఆడే ఆవిడను వెతుక్కుని ఆడమని అడగండి. ఈ పద్ధతికి ఈ ఊళ్లోనే పెద్ద సాక్ష్యం ఉంది. అరవిందాశ్రమ మాతగా అందరికీ తెలిసిన మీరా అల్ఫాస్సా 1878లో పారిస్‌లో పుట్టారు. ఎనిమిదేళ్ల వయసులో టెన్నిస్ మొదలుపెట్టారు. తోటి పిల్లలతో ఆడితే ఏమీ రాదని, ఎప్పుడూ ఆరితేరిన ఆటగాళ్ల దగ్గరికే వెళ్లేదాన్నని, ఒక్కసారీ గెలవకపోయినా చాలా నేర్చుకున్నానని తర్వాత ఆశ్రమ పిల్లలకు చెప్పారు. డెబ్బై ఏళ్లు దాటాక కూడా సముద్రం ఒడ్డున ఆశ్రమ టెన్నిస్ గ్రౌండులో ఆడారు. ఎనభై నిండిన 1958 చివర్లో జబ్బు చేసేదాకా ఆ అలవాటు సాగింది. నలభై దాటాక ఇంకేం ఆట అనేవాళ్లకు ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

కాబట్టి మొదటి సీజనంతా ఓడిపోండి. ఓడిన ప్రతి మ్యాచ్ తర్వాత, బంతి ఎక్కడ వేస్తే మీరు ఇబ్బంది పడ్డారో ఎదుటి జోడీనే అడగండి. ఆడవాళ్ల జట్లలో ఈ సంగతి దాచుకునేవాళ్లు తక్కువ.

సింగిల్స్ ఆడితేనే అసలు ఆట అంటారు. డబుల్స్ అడిగి తీసుకోండి. మన హైదరాబాద్ సానియా మీర్జా మణికట్టు గాయాల తర్వాత 2013లో సింగిల్స్ మానేసి పూర్తిగా డబుల్స్‌కు వచ్చింది. 2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. ఆమె గెలిచిన ఆరు గ్రాండ్‌స్లామ్‌లూ జోడీగా ఆడినవే: మూడు మహిళల డబుల్స్, మూడు మిక్స్‌డ్. డబుల్స్ కోర్టు వెడల్పు 36 అడుగులు, సింగిల్స్‌ది 27. అయినా పరుగు పంచుకునే తోడుంది. బంతిని మధ్యకే కొట్టండి. నెట్టు స్తంభాల దగ్గర మూడున్నర అడుగులుంటే మధ్యలో మూడే. పైగా ఎదుటి ఇద్దరిలో ఎవరు అందుకోవాలో వాళ్లకే తేలదు.

సర్వీసులో ముందు రెండోది నేర్చుకోండి. మెల్లగా, ఎత్తుగా, తప్పకుండా బాక్సులో పడేది. వేగంగా కొట్టే మొదటి సర్వీసుకు తొందరేం లేదు. డబుల్ ఫాల్టులు ఆగితే చాలు, కొత్త జోడీ సగం గట్టెక్కినట్టే. మధ్యాహ్నం దాటాక ఇక్కడ సముద్రపు గాలి బంతిని లాగేస్తుంది కాబట్టి టాస్ పొట్టిగా వేయండి.

అంపైర్ లేని మ్యాచ్‌లో మీ వైపు పడిన బంతి ఇన్నా, అవుటా అన్నది మీరే చెప్పాలి. గట్టిగా అరిచి పాయింటు కాపాడుకోమని జట్టులోనే ఎవరో ఒకరు చెబుతారు. అనుమానం ఉంటే బంతి లోపల పడ్డట్టే, పాయింటు ఎదుటివాళ్లదే. ఇది మంచితనం కాదు, ఆట నియమం. మొదటి మ్యాచ్ నుంచే పాటిస్తే వచ్చే సీజనులో మీతో ఆడటానికి పక్క క్లబ్బువాళ్లు కూడా పిలుస్తారు.

రాకెట్ అరువు తెచ్చుకోండి, డబ్బు బూట్ల మీద పెట్టండి. తమిళం సరిగ్గా రాదన్న జంకు వద్దు, "అక్కా" అని పిలిస్తే కోర్టులో అందరూ తిరిగి చూస్తారు. ఈ అక్టోబరులో వాన కాస్త తెరిపివ్వగానే క్లబ్బు దాకా వెళ్లి పేరు ఇచ్చి రండి.