అడిగినట్టు మాట్లాడే తాత

మా ఆత్మకూరులో ఇప్పుడు పెళ్లంటే భజంత్రీలు, ఫ్లెక్సీలు ఉంటే చాలదు. పోయిన తాత వచ్చి ఆశీర్వదించాల. పాత రేషన్ కార్డులో ఫోటో ఉంటే సరి, మిగతాది ఫ్లెక్సీల షాపులో ఏఐ చూసుకుంటుంది. బుగ్గన వక్కాకు, మొహాన ముడతలు అన్నీ మాయమై, ముప్పైరెండు పళ్లతో తాత ఎల్‌ఈడీ తెర మీద వెలుగుతాడు. బతికినన్నాళ్లూ ‘ఏంరా, నా కొడకా’ అని తప్ప ఎవరినీ పలకరించని మనిషి ‘నూతన వధూవరులకు నా హృదయపూర్వక శుభాశీస్సులు’ అంటాడు, టీవీ వార్తలు చదివినట్టు. ముందు వరుసలో కూర్చున్న అవ్వ కొంగు సర్దుకుని, తెరను ఎగాదిగా చూసి, ‘ఈయప్ప ఎవురురా?’ అని అడుగుతుంది.

అవ్వకు తెలియదు గానీ, ఈ విద్యకు రాజముద్ర మన సీమలోనే పడింది. 2025 మే 28న, తన పుట్టినరోజు నాడు, ఎన్టీఆర్ కడప మహానాడులో తెర మీదికొచ్చి ఉపన్యాసమిచ్చారు. 1996 జనవరిలో పోయిన మనిషి! అల్లుడిని మెచ్చుకున్నారు, మనవడికి శభాష్ చెప్పారు. పదవి పోయిన 1995లో ఇదే పెద్దాయన ఇదే అల్లుడి మీద ‘జామాత దశమగ్రహం’ అని క్యాసెట్టే వదిలారు. ఆ క్యాసెట్‌ను యంత్రానికి ఎవరూ వినిపించినట్టు లేదు. ముప్పై ఏళ్లలో అల్లుడు మారాడా లేదా అన్నది మీరూ మీరూ తేల్చుకోండి. మామ మారడానికి మాత్రం ఒక్క ప్రాంప్టు సరిపోయింది.

దీనికి పార్టీ పట్టింపు, భాష పట్టింపు ఏమీ లేవు. 2024 జనవరిలో తమిళనాడులో కరుణానిధి కూడా ఇట్లే వచ్చి కొడుకు పాలనను పొగిడి పోయారు. తెర మీదికొచ్చి ‘ఇదేం పాలన?’ అని నిలదీసిన స్వర్గీయుడు నాకైతే ఇంతవరకు తగల్లేదు. మా పక్కన కొలనుభారతిలో సరస్వతమ్మ ముందు పిల్లలకు అక్షరాభ్యాసం చేయిస్తాం. ఈ యంత్రానికి ఎవరు చేయించారో గానీ, ‘నేననను పో’ అని మాత్రం దిద్దించలేదు.

పోయిన గాయకుడు బాలుకైతే అడిగే కొడుకున్నాడు. ‘కీడా కోలా’ సినిమాలో నాన్న గొంతును మమ్మల్ని అడక్కుండా ఏఐతో పుట్టించారని 2024లో చరణ్ నోటీసు వార్తల్లోకెక్కింది. అదే రోజుల్లో రహమాన్ ‘లాల్ సలామ్’ పాటకు ఇద్దరు పోయిన గాయకుల గొంతులు వాడి, ఇంటివాళ్లను అడిగాం, డబ్బులూ ఇచ్చాం అన్నారు. మర్యాదే, కాదనను. కానీ ఇంటివాళ్లే స్క్రిప్టు రాయిస్తే నోటీసు ఎవరు ఎవరికి పంపాల?

ఇంకో ఏడాదికి మా ఊర్లో భాగపరిష్కారాలు ఎట్లుంటాయో ఇప్పుడే కనిపిస్తాండాయి. రచ్చకట్ట మీద పెద్దోడు సెల్లు తెరుస్తాడు. ‘బోరున్న మడి పెద్దోనికే’ అంటాడు తాత. చిన్నోడు తన సెల్లు తెరుస్తాడు. అదే తాత, అవే పళ్లు. ‘బోరున్న మడి చిన్నోనికే’ అంటాడు. పెద్దమనుషులు తలలు గోక్కుని షాపాయనను పిలిపిస్తారు.

‘ఏమప్పా, ఇందులో అసలు తాత ఎవరు?’

‘ఇద్దరూ అసలేనన్నా. కాకపోతే చిన్నోడు ఇంకా సగం డబ్బులు బాకీ ఉండాడు.’