మా డీజిల్ లైనులో చేరిన గాలి వారికి

మదనపల్లె

గౌరవనీయులైన గాలి వారికి,

మదనపల్లె నుంచి ఒక పికప్ బండి యజమాని నమస్కరించి రాయునది. మా ఇంట్లో అందరం క్షేమం. బండి 10 రోజులుగా ఆగకుండా తిరుగుతోంది. మా వాకిట్లో వేపచెట్టు మీదా, బండి టైర్లలోనూ మీరు కూడా క్షేమంగానే ఉన్నారని తలుస్తాను.

ఈ ఉత్తరం 14 నెలల కిందటే రాయాల్సింది. అప్పటికి మీరు ఏ దారిన వస్తున్నారో నాకు తెలియదు. తప్పు ఎవరిదో తేలనప్పుడు ఉత్తరం ఎవరి పేర రాయాలి? ఆ 14 నెలలూ నేను డీజిల్ ఫిల్టర్‌ను అనుమానించాను. ఫీడ్ పంపును, నాజిళ్లను, స్టాప్ సొలెనాయిడ్ వైరును, చివరికి డీజిల్ పోసిన బంకును కూడా అనుమానించాను. వాళ్లెవరికీ ఏ పాపమూ తెలియదు. అందుకే ఈ ఉత్తరం నలుగురూ చదివేలా రాస్తున్నాను. వాళ్లమీద పడిన నింద నలుగురి ముందే పోవాలి.

డీజిల్ ఇంజన్‌కు మీరు ఎంతటివారో నాకు తెలుసు. పెట్రోలు బండికి నిప్పు పెట్టడానికి ప్లగ్గు ఉంటుంది. మా బండికి మీరే నిప్పు. పిస్టన్ మిమ్మల్ని ఇంచుమించు 18వ వంతుకు అదిమితే ఆ అదుముడుకే మీరు సలసల కాగిపోతారు. ఆ వేడిలో డీజిల్ తుంపర పడగానే తనంతట తానే అంటుకుంటుంది. అంతటివారు కనుకే మీకు ముందు వాకిలి ఇచ్చాను. మా పల్లెదారుల్లో ఎర్రమట్టి దుమ్ము ఎలా లేస్తుందో మీకు చెప్పనక్కర్లేదు, దాన్ని మోసేది మీరే. ఆ దుమ్ముతో ఇంజన్‌లోకి పోకూడదని ప్రతి ఆదివారం ఎయిర్ ఫిల్టర్ విప్పి దులిపాను. కాగితం నల్లబడితే కొత్తది వేశాను. టైర్లలో మీరు తగ్గితే ఆ పూటే నింపించాను. ఆయుధపూజ నాడు బండికి వేసిన దండలో మీకూ వాటా ఉందనే అనుకున్నాను.

మీ పాత కొలువు సంగతి కూడా తెలుసుకున్నాను. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపిన ఇంజన్‌లో ఇంధనాన్ని సిలిండర్‌లోకి ఊది పంపింది మీరేనట. అందుకోసం విడిగా ఒక కంప్రెసర్ పెట్టి మిమ్మల్ని బిగబట్టి ఉంచేవారట. 1927లో బాష్ వాళ్లు డీజిల్ పంపుల్ని కార్ఖానాలో వరుసగా తయారుచేయడం మొదలుపెట్టాక రోడ్డు బండ్లలో మీకు ఆ పని లేకుండా పోయింది. ఇప్పుడు ఆ సన్నటి లైను డీజిల్ ఒక్కదానిది. ఎందుకంటే డీజిల్ అణగదు. పంపు ఇటు నెడితే అటు నాజిల్ తెరుచుకుంటుంది. మధ్యలో మీరు ఒక బుడగై కూర్చున్నారా, పంపు నెట్టిన నెట్టుడంతా మీరే మింగుతారు. నలిగి, మళ్లీ ఉబ్బుతారు. నాజిల్ దాకా ఏమీ చేరదు. ఆ సిలిండర్‌కు ఆ పూట కూడు లేనట్టే. ఐడ్లింగ్‌లో అయితే ఒక్కో దెబ్బకు పడే డీజిల్ చుక్కలో చిన్న నలుసంత. దాన్ని ఎగ్గొట్టడానికి మీరు పెద్దగా రానక్కర్లేదు.

మీరు వచ్చిన తీరు చెబుతాను. బండి 2011 మోడల్, చేతులు మారి నా దగ్గరికి వచ్చింది. మొదట చెక్‌పోస్టుల దగ్గర నిలబెట్టినప్పుడు వణికేది. లయ తప్పకుండా కొట్టుకుంటున్న ఇంజన్‌లో ఒక దెబ్బ మిస్సయ్యేది, గేర్ రాడ్ ఊగేది, డాష్‌బోర్డు మీది వెంకటేశ్వరస్వామి పటం టకటక కొట్టుకునేది. మళ్లీ అంతా మామూలే. తర్వాత్తర్వాత స్పీడ్‌బ్రేకర్ దగ్గర యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే ఆఫ్ అవడం మొదలైంది. తాళం తిప్పితే ఒక్కోసారి వెంటనే అందుకునేది. ఒక్కోసారి బానెట్ ఎత్తి, ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, నురగ పోయి చిక్కటి డీజిల్ వచ్చేదాకా చేతి పంపు కొడితే తప్ప కదిలేది కాదు. ఆ నురగ మీరేనని మాకు తెలుసు. లైన్లో ఎయిర్ వచ్చిందని ప్రతి మెకానిక్కూ అన్నాడు. ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం ఎవరూ చెప్పలేదు. వాషర్లు మార్చారు, రబ్బరు పైపులు మార్చారు, క్లిప్పులు బిగించారు. మీరు నాలుగు రోజులు కనపడకుండా పోయి, ఐదో రోజు వచ్చేవారు.

పూర్తిగా చెడిపోయిన బండితో నాకు పేచీ లేదు. అది చెడిపోయిందని చెప్పుకోవచ్చు. మీరు ఆ మాట కూడా చెప్పనివ్వలేదు. షెడ్డుకు తీసుకెళ్తే గంటసేపు ఐడ్లింగ్‌లో పెట్టి చూసేవారు. కుట్టుమిషన్‌లా ఆడేది. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి కదా, అక్కడా ఒక్కసారి తడబడలేదు. బండి బాగానే ఉంది, నీకే అనుమానం ఎక్కువైందని అన్నవాళ్లున్నారు. నాజిళ్ల టెస్టింగ్, పంపు కాలిబ్రేషన్, రెండు ఫిల్టర్లు, కొత్త ఫీడ్ పంపు అన్నీ కలిపి 31,000 రూపాయలు పెట్టాను. అందులో సగం మా ఆవిడ గాజులు కుదువ పెట్టి తెచ్చింది.

భాకరాపేట ఘాట్‌లో ఆ రాత్రి సంగతి మీతో మాట్లాడి తీరాలి. తిరుపతిలో టమోటా దించి, ఖాళీ క్రేట్లతో పైకి వస్తున్నాం. తెల్లవారుజామున మూడు దాటింది. పక్కన మా తమ్ముడు ఉన్నాడు. మలుపులో గేరు మార్చడానికి క్లచ్ తొక్కాను, ఇంజన్ ఆగిపోయింది. ఇంజన్ ఆగితే బ్రేకుకు తోడుండే వాక్యూమ్ రెండు మూడు తొక్కుల కంటే రాదు. ఆ తర్వాత పెడల్ బండరాయే. స్టీరింగ్ కూడా బిగుసుకుంది. బండి వెనక్కి జారుతోంది. వెనక మలుపు కింద ఒక లారీ లైట్లు పైకి వస్తున్నాయి. హ్యాండ్ బ్రేకు గుంజి, రెండు కాళ్లతో పెడల్ మీద నిలబడ్డాను. తమ్ముడు కదులుతున్న బండిలోంచి దూకి, చీకట్లో తడుముకుంటూ రాయి దొరకబుచ్చుకుని వెనక చక్రం కింద తోశాడు. చక్రం వాడి వేళ్లకు ఎంత దగ్గరగా ఆగిందో టార్చి వేసి చూశాక నాకు నోట మాట రాలేదు. లారీ ఆయన మంచివాడు. దూరంగానే ఆపి, లైట్లు ఆర్పకుండా మేం చేతి పంపు కొట్టేదాకా కాపు కాశాడు.

ఇంటికి చేరేసరికి తెల్లారిపోయింది. ఆరింటికి పొలం దగ్గర ఉంటానని ఒక రైతు అక్కకు మాటిచ్చాను. తొమ్మిదిన్నరకు చేరాను. కోసిన టమోటా గట్టు మీద ఎండలో ఉంది. మండీలో పొద్దుటి వేలం అయిపోయింది. ఆమె గట్టిగా అరిచినా బాగుండేది. "అన్నా, రాలేనంటే ఇంకో బండి పిలుచుకుంటాం గదా" అంది, అంతే.

గాలి వారూ, రాలేనని నేను చెప్పగలిగే వీలును మీరు నా దగ్గరినుంచి తీసుకున్నారు. బండి పడిపోతే రాలేనంటాను. బాగుంటే వస్తానంటాను. మీరు ఉన్నారో లేరో తెలియని బండితో ఏమనాలి? వస్తానంటే అబద్ధమవుతుంది, రాలేనంటే బాడుగ పోతుంది. మా పనిలో చేతికి రసీదు ఉండదు, అగ్రిమెంటు ఉండదు. ఫోన్‌లో చెప్పిన టైమే మా అగ్రిమెంటు. ఆ నెలలో ముగ్గురు రైతులు వేరే బండ్లు చూసుకున్నారు. వాళ్లను తప్పు పట్టను.

మీరు వచ్చే దారి బయటపెట్టింది పీలేరులో లారీలు బాగుచేసే ఒక పెద్దాయన. ఆయన బానెట్ ఎత్తలేదు. స్పానర్ పట్టలేదు. "ఆగినప్పుడు ట్యాంకులో ఎంత ఉండింది?" అని అడిగాడు. 14 నెలల్లో ఆ మాట ఎవరూ అడగలేదు. నేను కూర్చుని లెక్క వేసుకున్నాను. బయల్దేరేటప్పుడు 30 లీటర్లు, తిరుపతికి పోయి రావడానికి 20. ఆగిన ప్రతిసారీ తిరుగు దారే. బరువుతో ఎప్పుడూ ఆగలేదు, ఖాళీగా వస్తున్నప్పుడే. అది బరువు మాట కాదు, డీజిల్ మాట. ఇంకొకటి కూడా అప్పుడే వెలిగింది. షెడ్డుకు పోయేముందు, ఎంతసేపు పెట్టి చూస్తారో ఏమోనని ప్రతిసారీ ట్యాంకు నిండా పోయించేవాణ్ని. రోగాన్ని చూపించడానికి పోతూ నేనే దాన్ని ముంచి తీసుకెళ్లానన్నమాట.

పెద్దాయన ఐదు లీటర్ల డబ్బాలో డీజిల్ పోసి బానెట్ దగ్గర కట్టి, ట్యాంకు లైను విప్పేసి ఫీడ్ పంపుకు డబ్బానుంచి పైపు ఇచ్చాడు. గంటన్నర తిప్పాం, ఘాట్ దాకా పోయి వచ్చాం. వణుకు లేదు. అంటే పంపు, ఫిల్టర్, నాజిళ్లు అన్నీ మంచివే. దొంగ ట్యాంకు వైపే ఉన్నాడు. తర్వాత ట్యాంకు లైను మళ్లీ తగిలించి, ఫిల్టర్‌కు ముందు జానెడు పైపు కోసి, ఆ చోట సెలైన్ పైపులా లోపల కనపడే ముక్క పెట్టాడు. ట్యాంకులో పది లీటర్లు ఉంచి, బండిని ఏటవాలులో నిలబెట్టి స్టార్ట్ చేశాడు. అప్పుడు కనపడ్డారు మీరు. ఒకటి, ఆగి మరొకటి, తర్వాత పూసల దండలా. ఇంజన్ ఎప్పుడు తప్పుతుందో ఆ పైపు చూసి ముందే చెప్పగలిగాను.

ట్యాంకు మీది ఫ్లోటూ సక్షన్ పైపూ బయటికి లాగితే, పైపుకు అడుగునుంచి నాలుగు వేళ్ల ఎత్తున తుప్పు తిన్న బెజ్జం ఉంది. సూదిమొన దూరేంత. ట్యాంకు సగానికి పైన ఉంటే ఆ బెజ్జం డీజిల్‌లో మునిగి ఉంటుంది, అందులోంచి కూడా డీజిలే వస్తుంది, ఎవరికీ నష్టం లేదు. డీజిల్ దానికి దిగువకు పోతే, పైగా ఎత్తు ఎక్కేటప్పుడు ఉన్న డీజిల్ కాస్తా వెనక్కి జరిగితే, బెజ్జం బయటపడుతుంది. పంపు పీలుస్తుంది. డీజిల్ కంటే తేలిగ్గా మీరు వస్తారు.

ఆ తుప్పు ఎవరు పెట్టారో పెద్దాయనే చెప్పాడు. ట్యాంకులో సగం ఖాళీ ఉంటే ఆ ఖాళీలో ఉండేది మీరు. రాత్రి చల్లబడగానే మీలోని తడి ఇనుముకు చెమటలా పడుతుంది. ఏళ్లతరబడి అలా పట్టి పట్టి పైపును తిన్నది మీరే. తిన్న చోటునుంచి దూరిందీ మీరే. ముందు వాకిలి తెరిచి పెట్టిన ఇంటికి మీరు వెనక గోడకు కన్నం వేశారు. దీన్ని నేను సులువుగా మరిచిపోలేను.

ట్యాంకు ఎప్పుడూ నిండా ఉంచుకోవచ్చు కదా అని మీరు అనవచ్చు. మండీలో సరుకు అమ్ముడుపోయి, రైతు చేతికి డబ్బు వచ్చి, ఆయన బాడుగ ఇస్తే మేం డీజిల్ పోయించుకుంటాం. ఒక్కో వారం ఆ డబ్బు చేతికి రాదు. ధర పడిపోయి టమోటా రోడ్డు పక్కన పారబోసిన రోజుల్లో రైతును బాడుగ అడగడానికి నోరు రాదు. 60 లీటర్ల ట్యాంకులో సగం డీజిల్, సగం మీరు ఉండటం మా సరదా కాదు. ఆ ఖాళీలో మీకు ఇన్నేళ్లు చోటిచ్చాం. ఇచ్చిన చోటులో ఊరికే ఉండిపోయి ఉంటే ఈ ఉత్తరం అవసరమే పడేది కాదు.

పైపుకూ పనికీ కలిపి 900 రూపాయలు అయింది. ట్యాంకు దించి కడిగాం, అడుగున తుప్పు బురద చేటెడు వచ్చింది. రైతుల్లో ఒకరు మళ్లీ పిలిచారు. పొలం దగ్గర నిలబడ్డ ఆ అక్క ఇంకా పిలవలేదు. ఆమెకు ఈ బెజ్జం సంగతి ఎలా చెప్పాలో తెలియక నేనూ ఫోన్ చేయలేదు. ఈ ఉత్తరం ఎవరైనా ఆమెకు చదివి వినిపిస్తే సంతోషిస్తాను.

మీకు నా విన్నపం ఇది. ఎయిర్ ఫిల్టర్ గుండా ఎంతమంది వచ్చినా రండి, ప్రతి ఆదివారం దులిపి సిద్ధంగా ఉంచుతాను. టైర్లలో ఉండండి. ట్యాంకు ఖాళీలో కూడా ఉండండి, అది తప్పదు. డీజిల్ లైనులోకి మాత్రం రావద్దు.

నిన్న రాత్రి మళ్లీ ఘాట్ ఎక్కాం. ట్యాంకులో తొమ్మిది లీటర్లే ఉంది. ఆ మలుపులో గేరు మార్చాను, ఇంజన్ తప్పలేదు. ఆ రాత్రి వాడిన రాయిని తమ్ముడు ఇప్పటికీ క్యాబిన్‌లో కాళ్ల దగ్గరే పెట్టుకుంటున్నాడు. దించేద్దామా అని అడిగితే, "ఉండనీ అన్నా" అన్నాడు.

ఇట్లు,
మదనపల్లె పికప్ బండి యజమాని