కొండెక్కిన బాబాయ్

తెనాలిలో చలి ఉండదు. ఉందని వాదించేవాళ్లు మా వీధిలో ఉన్నారు గానీ, వాళ్లూ మఫ్లరు చుట్టుకుని ఐస్‌క్రీం బండి దగ్గర నిలబడే రకమే. మూడు కాలవల నడుమ, సముద్ర మట్టానికి పట్టుమని పదిహేను మీటర్లయినా ఎత్తులేని ఊరు మాది. ధనుర్మాసంలో తెల్లారగట్ల కాస్త మంచు పడుతుంది, నాలుగు తుమ్ములొస్తాయి, తొమ్మిదింటికల్లా ఫ్యాను వేస్తాం.

కొండ పిచ్చి సరిగ్గా ఇలాంటి ఊళ్లలోనే పుడుతుంది. కొండమీద పుట్టినవాడికి ఆ జబ్బు రాగా నేను చూడలేదు. రిటైరయిన రెండో ఏట బీపీ మాత్రతో పాటే మొదలవుతుంది. మంచుదేశంలో ఎవరో గడ్డపాయన కరెంటు లేని చెక్క ఇంట్లో ఒంటరిగా కట్టెలు కొట్టుకుంటూ బతికే వీడియోలు అర్ధరాత్రి దాకా చూస్తారు. ఏసీ గదిలో, రగ్గు కప్పుకుని. తర్వాత ఇంట్లోవాళ్లని లేపి మరీ చెప్తారు: "బతుకంటే అదీ!"

మారీసుపేటలో మా బాబాయ్ ఈ జాతికి పెద్ద దిక్కు.

ముందు లంబసింగిలో పది సెంట్లు కొనేద్దామనుకున్నాడు. వాస్తుతో సహా ప్లాను గీశాడు. 1970 నాటి 1/70 చట్టం ఉందనీ, ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదనీ ఎవరో చెప్తే మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగో రోజు, "మంచి చట్టమేరా. అది లేకపోతే మనవాళ్లు అక్కడా ప్లాట్లేసి అమ్మేసేవాళ్లు" అన్నాడు. ఆయన నోట నేను విన్న నిజాల్లో అది పెద్దది. మళ్లీ అనలేదు.

కొనడం కుదరకపోతే చుట్టరికం కలుపుకోవాలి. ఒకప్పుడు ఆయన కింద పనిచేసిన కుర్రాడిది చింతపల్లి అవతల కొండమీద గూడెం. పదిహేను ఇళ్లు. కరెంటు లైను కింద రోడ్డు దగ్గరే ఆగిపోయింది. "ఓసారి రండి సార్" అని ఆ అబ్బాయి మర్యాదకి అన్నాడు. మర్యాదకి అన్న మాట పట్టుకుని రైలెక్కడం మా బాబాయ్‌కి వెన్నతో పెట్టిన విద్య. ఏటా పుష్యమాసం రాగానే తెనాలిలో రైలెక్కి, తునిలో దిగి, నర్సీపట్నం మీదుగా ఘాటెక్కుతాడు. వెంట రెండు స్వెట్టర్లు, మంకీ టోపీ, సోలారు లాంతరు, గోంగూర పచ్చడి.

అక్కడ ఆయన చేసేదల్లా పొయ్యి దగ్గర కూర్చోవడం. ఇంటివాళ్లు చీకటితో లేస్తారు. ఆడవాళ్లు ఊట దగ్గరికెళ్లి బిందెలతో నీళ్లు తెస్తారు. ఆ నీళ్లలో వేలు పెడితే వేలు మనదేనా అని అనుమానం వస్తుంది. ఆరబోసిన కాఫీ పళ్లని ఎండెక్కాక తిరగేయాలి, సాయంత్రం మంచు పడకముందే కుప్పచేసి కప్పాలి. రాజ్మా కాయలు ఒలవాలి, చోడంబలి కాయాలి. బాబాయ్ పొయ్యిలోకి ఒక పుల్ల ఎగదోసి, "శ్రమలో ఉన్న సుఖం..." అని మొదలెడతాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద ఎలా దాడి చేశాడో చింతపల్లి వాళ్లకే చెప్తాడు. వాళ్లు పాపం వింటారు.

సోలారు లాంతరు మొదటి ఏడే చేతులెత్తేసింది. పొద్దున పదింటిదాకా పొగమంచు, మూడు దాటితే కొండ నీడ. అది ఎండ తాగిందెంత, వెలిగేదెంత! రెండో రాత్రి మూడింటప్పుడు బాబాయ్‌కి బయటికెళ్లే అవసరం పడింది. చీకట్లో మంకీ టోపీ వెనకది ముందుకి తగిలించుకుని, కళ్లు పోయాయని కేక పెట్టాడు. ఆ ఇంటి ముసలామె పొయ్యిలోంచి కొరివి తీసుకొచ్చి, టోపీ సరిగ్గా తిప్పి, తీరిగ్గా అడిగిందట:

"మీ ఊర్లో కరెంటు లేదా బాబూ?"

"ఉందమ్మా."

"మరేటికొచ్చేరు?"

ఈ కథ బాబాయ్ చెప్పలేదు. ఆ కుర్రాడు పిన్నికి ఫోన్లో చెప్పాడు, పిన్ని వీధికి చెప్పింది.

తిరిగొచ్చాక నెల రోజులు ఇంట్లోవాళ్లకి శిక్ష. గీజరు వద్దు, టీవీ వద్దు. "ఫ్రిజ్ లేకుండా వాళ్లు బతకడం లేదా?" అని ఓ రాత్రి దాన్ని కట్టేశాడు. కొండమీది చలికి ఇడ్లీ పిండి రెండు రోజులైనా పొంగదు. ఇక్కడ తెల్లారేసరికి గిన్నె మూత నెట్టుకుని గట్టు మీదికి దిగింది. పెరట్లో కొబ్బరి మట్టలతో నెగడు వేశాడు. ఆ పొగకి దోమలు పోలేదు గానీ, పక్కవాటాలో అద్దెకున్నవాళ్లు పోయారు.

ఈ జాతిలో బాపట్ల రకం వేరు. బాబాయ్ వియ్యంకుడు అక్కడి వ్యవసాయ కాలేజీలో చేసి రిటైరయ్యాడు. ఆయన కొండెక్కడు, లెక్క కడతాడు. "బావగారూ, కిలోమీటరు ఎత్తుకి దాదాపు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. లంబసింగి ఎత్తు సుమారు అంతే. మబ్బు లేని రాత్రి నేల వేడంతా పైకి పోయి, బరువైన చల్లగాలి పల్లంలోకి జారి కూర్చుంటుంది. అందుకని మిగతాది కూడా తగ్గుతుంది" అంటాడు, సూర్యలంక ఒడ్డున బనీను మీద నిలబడి. చలి ఆయనకి కాగితం మీదే వేస్తుంది. ఈ రకం వల్ల ఎవరికీ నష్టం లేదు, కాఫీ ఖర్చు తప్ప.

రేపల్లె రకం మాత్రం అసలు ఈ జాతే కాదు. పిన్ని తమ్ముడికి అక్కడ రొయ్యల చెరువులున్నాయి. రాత్రి కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్య తలెత్తి పైకొస్తుంది. జనరేటరు వెంటనే అందుకోకపోతే తెల్లారేసరికి చెరువు కాదు, అప్పు మిగులుతుంది. ఓ ఏడు బాబాయ్ ఆయన్నీ కొండమీదికి లాక్కెళ్లాడు. ఆయన రాత్రంతా ఉలిక్కిపడి లేస్తూనే ఉన్నాడు, జనరేటరు చప్పుడు వినపడలేదని. "చూడరా, కరెంటు లేకపోతే చుక్కలెంత బాగా కనపడతాయో!" అన్నాడట బాబాయ్. "మాకూ కనపడతాయి బావా, పట్టపగలే" అని ఆయన తెల్లారి బస్సెక్కేశాడు.

పిన్నిదీ రేపల్లే. 1977 నవంబరు 19 ఉప్పెనప్పుడు చిన్నపిల్ల. స్తంభాలు పడిపోయాక చాన్నాళ్లు లాంతరుతోనే గడిచిందట. లాంతరు గ్లాసు రోజూ బూడిదతో తోమే పని ఆమెదే. చిన్న చెయ్యి కాబట్టి లోపలికి దూరేదని. ఒకసారి పగిలి కోసుకున్న గీత బొటనవేలి మొదట్లో ఇప్పటికీ ఉంది. బాబాయ్ దీపపు వెలుగు గురించి మొదలెట్టినప్పుడల్లా ఆ వేలు చూసుకుంటుంది, ఏమీ అనదు. ఒక్కసారి మాత్రం అంది: "దీపం ఆరిపోయిందనకూడదు, కొండెక్కిందనాలంటారు మనవాళ్లు. ఈయనేంటో దాని వెనకే ఎక్కాడు."

మొన్న మాఘంలో మా వీధిలో ఇరవై నిమిషాలు కరెంటు పోయింది. బాబాయ్ లైన్‌మ్యాన్‌కి నాలుగుసార్లు ఫోన్ చేశాడు.

పోయిన వేసవిలో ఆ కుర్రాడు ఫోన్ చేశాడు. స్తంభాలు గూడెందాకా వచ్చాయట, ముసలామె చేతే స్విచ్చి వేయించారట. "అయ్యో!" అన్నాడు బాబాయ్, ఆపుకోలేక. పిన్ని ఫోన్ లాక్కుని, "ముందు మిక్సీ కొనుక్కో నాయనా, అమ్మమ్మ మంచం దగ్గర ఓ బల్బు పెట్టించు" అని చెప్పింది.

ఈ పుష్యానికి బాబాయ్ ఇంకో ఊరు వెతుకుతున్నాడు. కరెంటు రాని కొండ ఊరేదైనా మీకు తెలిస్తే దయచేసి ఆయనకి చెప్పకండి. కరెంటాఫీసులో చెప్పండి.