నక్షాకు మహాలఘు దర్శనం

నక్షాల విషయంలో డెహ్రాడూన్ తర్వాత హైదరాబాద్‌లోని ఉప్పల్ అంతటి భాగ్యం చేసుకున్న చోటు దేశంలో అరుదు. 1767లో పుట్టి, ఇప్పుడు డెహ్రాడూన్‌లో కొలువున్న సర్వే ఆఫ్ ఇండియాకు జాతీయ శిక్షణ సంస్థ ఇక్కడే ఉంది. పక్కనే హబ్సిగూడ వైపు భూభౌతిక పరిశోధనల ఎన్‌జీఆర్‌ఐ. ఊరి ఆ కొసన బాలానగర్‌లో ఉపగ్రహ చిత్రాల ఎన్‌ఆర్‌ఎస్‌సీ. ఇంతమంది పెద్దల నడుమ బతుకుతున్న చిల్కానగర్ వాసికి తన వార్డు హద్దు ఏ గల్లీలోంచి పోతుందో తెలియాలంటే మాత్రం పాన్ డబ్బా దగ్గర అడగడమే సులువు.

ఈ మాట అంటే అధికారులు నొచ్చుకుంటారు. "అంతా ఆన్‌లైన్‌లో పెట్టేశాం కదండీ!" అంటారు. నిజమే, పెట్టారు. స్కాన్ చేసిన పీడీఎఫ్ రూపంలో, కాస్త వంకరగా, మూలన గుండ్రటి ముద్రతో, ముద్ర మీద సంతకంతో, ఆ సంతకం కింద ఎక్కడో చిక్కుకుపోయిన సర్వే నంబరుతో సహా పెట్టారు. తిరుమలలో మహాలఘు దర్శనం లాంటిదే ఇదీ. దూరం నుంచి ఒక్క చూపు, అంతలోనే "జరగండి, జరగండి". నక్షా కనిపిస్తుంది కానీ చేతికి రాదు.

2025 డిసెంబరులో ఈ దర్శన విధానం కోర్టు దాకా వెళ్లింది. చుట్టుపక్కల 27 పురపాలక సంస్థలను కలిపేసుకున్న జీహెచ్‌ఎంసీ, 150 వార్డులను 300 చేస్తూ ముసాయిదా విడుదల చేసి అభ్యంతరాలు చెప్పమంది. దేని మీద చెప్పాలి? ఫలానా చౌరస్తా నుంచి ఫలానా నాలా దాకా అని హద్దులను వచనంలో వర్ణిస్తే చదివినవాళ్లు ఊహించుకోవాలి. చివరికి వార్డులవారీ జనాభా లెక్కలు, మ్యాపులు జనం ముందు పెట్టమని హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. గీసినవాళ్ల కంప్యూటర్లో మ్యాపు లేకుండా మూడు వందల వార్డులు పుట్టవు కదా! ఉన్నదాన్ని బయటపెట్టడానికి న్యాయమూర్తి కావాలా?

చెరువుల సంగతి ఇంకా ముచ్చట. చెరువు కబ్జాలు కూల్చే హైడ్రా వచ్చాక ఉప్పల్ నల్లచెరువు, రామంతాపూర్ చెరువుల దగ్గర ప్లాటు కొనాలనుకునేవాడు మొదట అడిగేది ఎఫ్‌టీఎల్, అంటే చెరువు పూర్తిగా నిండితే నీరు నిలిచే హద్దు, గీత ఎక్కడుందనే. గీత పీడీఎఫ్‌లో ఉంది. దాన్ని ఫోన్లోకి తెచ్చి తాను నిలబడ్డ చోటుతో పోల్చుకోవాలంటే ముందు ఆ బొమ్మ మీద గట్లు కలిసే బిందువులు వెతకాలి, వాటిని ఉపగ్రహ చిత్రంలో గుర్తుపట్టాలి, బొమ్మను లాగి సాగదీసి అతికించాలి, ఆపైన మౌస్‌తో గీత వెంబడి మళ్లీ గీయాలి. నాలుగు వేల వంతు స్కేలులో అర మిల్లీమీటరు మందం గీత నేల మీద రెండు మీటర్లు. అంటే ఒక వంటగది ఆ గీత మందంలోనే ఇమిడిపోతుంది. ఇంత చాకిరీ చేసి తేలింది సరైనదేనని ఎవరూ పూచీ ఇవ్వరు. అసలు ఫైలు మాత్రం ఎక్కడో ఒక హార్డ్ డిస్కులో హాయిగా నిద్రపోతుంటుంది.

ఈ పొదుపరితనం కొత్తదేమీ కాదు. ఒకప్పుడు సముద్ర తీరం నుంచి 80 కిలోమీటర్ల లోపలి టోపోషీట్లు నిషిద్ధ వస్తువులు, కోస్తావాసికి తన ఊరి కాలువను మ్యాపులో చూసుకోవడానికీ అనుమతి కావాల్సి వచ్చేది. 2013లో గూగుల్ పెట్టిన మ్యాపింగ్ పోటీపై సర్వే ఆఫ్ ఇండియా ఢిల్లీ పోలీసులకు ఫిర్యాదు చేసింది. 2016 ముసాయిదా బిల్లయితే అనుమతి లేకుండా మ్యాపు వాడితే వంద కోట్ల దాకా జరిమానా, ఏడేళ్ల దాకా జైలు అంది. 2017లో మనసు కరిగి 'నక్షే' అనే పోర్టల్ తెరిచారు. ఆధార్ చూపిస్తే రోజుకు మూడు మ్యాపులు. రేషన్ దుకాణం ఇంకొంచెం ఉదారం.

తర్వాత గాలి మారింది, కాదనలేం. 2021 ఫిబ్రవరి మార్గదర్శకాలు, 2022 డిసెంబరు జాతీయ జియోస్పేషియల్ విధానం చాలా సంకెళ్లు తెంచాయి. ప్రజాధనంతో తయారైన సమాచారం, భద్రతకు సంబంధించినది తప్ప, సులువుగా అందాలని కాగితం మీద స్పష్టంగా ఉంది. అదే 2022 అక్టోబరులో ఐక్యరాజ్య సమితి ప్రపంచ జియోస్పేషియల్ సమాచార మహాసభ మన హైదరాబాద్‌లోనే జరిగింది. ఎవరూ వెనకబడకూడదన్నది అక్కడి నినాదం. చిల్కానగర్ ఆ సభాస్థలికి మరీ దూరమేమీ కాదు.

ఉచితంగా ఇచ్చేస్తే ఆదాయం పోతుందన్న బెంగకు జవాబు అమెరికా దగ్గరుంది. ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలు అమ్మినన్నాళ్లూ బాగా అమ్ముడైన ఏడాదిలోనూ పాతిక వేల దాకానే పోయాయి. 2008లో ఉచితం చేశాక ఏడాదికి పది లక్షలు దాటాయి. ఇక్కడ డేటామీట్ అనే స్వచ్ఛంద బృందం కుర్రాళ్లు నగరాల వార్డు హద్దులను ఒక్కొక్కటే ఫైళ్లుగా మార్చి అందరికీ పంచుతున్నారు. జీతం తీసుకునేవాళ్లు దాచినదాన్ని జీతం లేనివాళ్లు మళ్లీ గీయడాన్ని పౌర భాగస్వామ్యం అంటారు కాబోలు.

ఏ తేదీనాటిది, ఏ కొలత పద్ధతిలో గీసింది, ఎవరు ఎలా వాడుకోవచ్చు అన్న మూడు ముక్కలు రాసి, అసలు ఫైలు జత చేయడానికి ఒక గుమాస్తాకు ఒక పూట చాలు. మళ్లీ ఏదో ఒక ముసాయిదా వస్తుంది, అభ్యంతరాలకు వారం గడువిస్తారు. చిల్కానగర్, నాచారం, ఉప్పల్ వాసులు గల్లీ ఎటు పోయిందని కొట్లాడే ముందు, మొదటి అభ్యంతరంగా ఫైలు ఇవ్వలేదని రాసి రశీదు తీసుకోండి.